మేస్త్రమ్మ లెక్క

ఫిబ్రవరి పన్నెండు, గురువారం. గేదె పాలు తీయించడం, అయింది. పిల్లలిద్దరికీ క్యారేజీలు సర్దడం, అయింది. ఆయనకు గోరువెచ్చని నీళ్ళు, మాత్ర, అయింది. కల్లం మీద పట్టాలు తీసి మిరపకాయ నెరపడం, అయింది. కూలీలకు మజ్జిగ కుండ పంపడం, అయింది. మినప్పప్పు నానబోయడం, అయింది. పుస్తకంలో రాసుకున్న పది పనుల్లో ఏడోది గోనెసంచుల చిరుగులు కుట్టడం. నాలుగో సంచి కుడుతుండగా కూలీల ముఠాలో ఒకావిడ వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

"మేస్త్రమ్మ పోయిందమ్మా. తెల్లారగట్ట."

మిగతా మూడు పనులూ అలాగే ఉండిపోయాయి. కుట్టు సూది ఇంకా ఆ సంచికే గుచ్చి ఉంది.

ఇది రాస్తున్నది సోమవారం. నాలుగు రోజులుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే ఏదో మర్చిపోయినట్టు ఉంటుంది. లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను, పోసిన డబ్బాలోనే మళ్ళీ కందిపప్పు పోయబోయాను. కాగితం మీద పెడితే కుదుటపడతానేమోనని ఈ నాలుగు మాటలు.

ఇది చదివే మీలో ఎవరికీ ఆమె తెలియదు. పొలం పని చేసుకుని బతికిన మనిషి. మా వైపు మిరపకాయ కోయడానికీ, కల్లంలో తాలు ఏరడానికీ ఆడవాళ్ళు పదీ పన్నెండు మంది ఒక ముఠాగా వస్తారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. దాన్ని ఏరెయ్యకపోతే మంచి కాయకు కూడా ధర రాదు. ముఠాకు పెద్దను మేస్త్రి అంటారు. అన్ని ఊళ్ళలోనూ మగవాళ్ళే. మా ఊళ్ళో మాత్రం ఆడమనిషి, అందుకని మేస్త్రమ్మ. వయసులో నాకు తల్లంతటిది. అయినా నేను ఆమెను నువ్వు అనేదాన్ని, ఆమె నన్ను మీరు అనేది. మా ఊళ్ళో అది అలాగే నడుస్తోంది. ఇన్నాళ్ళూ దాని గురించి ఆలోచించలేదు. ఈ నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. పొద్దున చేలోకి దిగే ముందూ, సాయంత్రం ఇళ్ళకు బయలుదేరే ముందూ ముఠా అంతటినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి భుజం తట్టి పైకి లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు. పదకొండు దాకా వచ్చాక తన గుండె మీద తనే చెయ్యి వేసుకుని "పన్నెండు" అనేది. ఆ అంకె వినబడకుండా ఎవ్వరూ కదలకూడదు. వయసు పిల్లలు ఆటపట్టించేవాళ్ళు. "ఓ మేస్త్రమ్మా, మమ్మల్నెవరన్నా ఎత్తుకుపోతారంటావా?" అంటే, "నిన్నెవడెత్తుకుపోతాడే, పోయినా అన్నం పెట్టలేక సాయంత్రానికి దింపిపోతాడు" అనేది. నవ్వుతూనే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేది. నేనూ లెక్కల మనిషినే కనక నాకది ముచ్చటగా ఉండేది. ఎందుకు లెక్కపెడుతుందో తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఆదివారం ప్రార్థన అయ్యేదాకా పనికి వచ్చేది కాదు. తెల్లచీర, చంకలో గుడ్డసంచి, అందులో పాటల పుస్తకం. చదవడం రాదు. అయినా అందరితోపాటు పుస్తకం తెరిచి, పక్కవాళ్ళు పేజీ తిప్పినప్పుడు తనూ తిప్పేదట. "రాదుగా, ఎందుకు మోస్తావు?" అని ఒకసారి అడిగాను. "పాడేవాళ్ళ మధ్యన ఉత్త చేతులతో ఏం కూచుంటానమ్మా" అంది.

ఇక అసలు సంగతి. ఎనభై నాలుగు ఫిబ్రవరి, ఇప్పటికి మూడేళ్ళు.

అంతకు మూడు నెలల ముందునుంచీ మా ఆయన గొంతు బొంగురుపోయింది. ఎద్దుల్ని అదిలించి అదిలించి అలా అయిందనుకున్నాం. చుట్ట మానమన్నాను, మానలేదు. చివరికి గుంటూరులో చూపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కాన్సర్ అన్నారు. ఆరు వారాలు కరెంటు పెట్టాలన్నారు. మా వైపు జనం రేడియం వైద్యాన్ని అలాగే అంటారు. వారానికి అయిదు రోజులు అక్కడే ఉండాలి, శనివారం ఇంటికి వచ్చి సోమవారం మళ్ళీ వెళ్ళాలి.

నేను నా పద్ధతిలో పుస్తకం తీసి అన్నీ రాసుకున్నాను. ఏ బస్సు ఎన్నింటికి, ఏ మాత్ర ఎప్పుడు, మెత్తటి అన్నానికి నూక ఎంత పట్టించాలి, కల్లం దగ్గర ఎవరు కాపలా. రెండు పేజీలు నిండాయి. పిల్లలకు చెప్పడం అన్న మాట మాత్రం ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. పెద్దపిల్లకు అప్పుడు పదకొండేళ్ళు, చిన్నదానికి ఏడు. "వాళ్ళకి చెప్పమాక. పరీక్షలు దగ్గరికొచ్చాయి" అన్నారు ఆయన, ఆ లేని గొంతుతోనే. నాకూ అదే మేలనిపించింది. నిజం చెప్పాలంటే ఆ మాట నా నోటితో పలకక్కర్లేకుండా పోయిందని ఊపిరి పీల్చుకున్నాను.

నాన్న గొంతుకి ఏమైందని చిన్నది అడిగితే నోటికి మొదట వచ్చిన మాట చెప్పేశాను. "మిరప ఘాటు పట్టింది. కాయంతా అమ్మేశాక తగ్గుతుంది." కల్లంలో ఎవరు తుమ్మినా దగ్గినా మేం అనే మాటే అది. పిల్ల సరేనంది. చెప్పడం ఇంత తేలికా అనుకున్నాను.

తరవాతి వారం, మధ్యాహ్నం. ముఠా అంతా వేపచెట్టు కింద అన్నాలు తింటోంది. ఆయన గుంటూరులో ఉన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. ఎండిన కాయంతా కుప్ప చేసి, మర్నాడు తాలు ఏరడానికి సిద్ధంగా పెట్టాం. ఎవరో కేక పెడితే వెళ్ళి చూద్దును కదా, చిన్నది నీళ్ళ గాబు దగ్గరనుంచి చిన్న బకెట్టు మోసుకొచ్చి కుప్ప మీద పోస్తోంది. పోసి, మళ్ళీ గాబు దగ్గరకు పరుగు. గౌను అంతా తడిసిపోయింది. అప్పటికి పదహారు బకెట్లు పోసిందట. తనే లెక్కపెట్టుకుంది. నా కూతురే కదా.

మిరపకాయకు నీళ్ళు ఏం చేస్తాయో మా వైపు అందరికీ తెలుసు. ఎండిన కాయ తడిస్తే లోపల బూజు పడుతుంది, రంగు చస్తుంది. ఆ ఏడాది మందుల ఖర్చుకు ఆ కుప్ప మీదే ఆశ. నాకు కళ్ళు కనబడలేదు. పిల్లను చెయ్యి పట్టి లాగి వీపు మీద నాలుగు వేశాను. అది ఏడవలేదు. బకెట్టు వదల్లేదు. అయిదోసారి ఎత్తిన చెయ్యి దిగలేదు. వెనకనుంచి మేస్త్రమ్మ నా మణికట్టు పట్టుకుంది. అన్నం మధ్యలో లేచి వచ్చిన చెయ్యి, మెతుకులు ఇంకా ఉన్నాయి.

"కొట్టమాకండమ్మా. ఎందుకు పోసిందో అడిగారా?"

"ఎందుకేంటి మేస్త్రమ్మా, కొవ్వెక్కి!"

ఆమె నా చెయ్యి వదిలేసింది. పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "ఏమే బుడ్డమ్మా, నాకు చెప్పు. కాయ ఎందుకు తడిపావ్?"

"ఘాటు పోవాలని."

"ఘాటు పోతే ఏమొచ్చుద్దే?"

"నాన్న గొంతు తగ్గుద్దిగా. మీరు సంచుల్లో తొక్కేటప్పుడు నీళ్ళు చిలకరిస్తే దగ్గు రాదుగా మామ్మా. నేను ఎక్కువ పోశా. తొందరగా తగ్గాలని."

కాయ విరగకుండా ఉండడానికి సంచుల్లోకి ఎత్తేముందు ఆడవాళ్ళు వేళ్ళతో నాలుగు చుక్కలు చిలకరిస్తారు. అది చూసింది పిల్ల. నేను చెప్పింది నమ్మింది. రెండూ కలుపుకుని తన తండ్రికి వైద్యం చేసింది.

మేస్త్రమ్మ లేచింది. ఎప్పుడూ మీరు అనే మనిషి ఆ రోజు మాత్రం నువ్వు అంది. "దీనికా మాట చెప్పింది ఎవురు? నువ్వేనా?"

నేను నోరు తెరిచేలోపు అరుగు మీదనుంచి పెద్దపిల్ల గొంతు వినబడింది. మధ్యాహ్నం అన్నానికి బడినుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చిందో నేను చూడనే లేదు. "దానికేం తెలియదు మామ్మా. నాన్నకి రాచపుండు. మా క్లాసులో అందరికీ తెలుసు. అది అంటుకుంటుందంట. అందుకే నా పక్కన ఎవరూ కూచోట్లేదు."

పదిహేను రోజులనుంచీ పెద్దది తన గ్లాసు తీసుకెళ్ళి విడిగా పై అరలో పెట్టుకుంటోంది. నేను చూశాను. శుభ్రత నేర్చుకుంటోందని సంతోషించాను.

ఆ సాయంత్రం ముఠాను పంపించేసి మేస్త్రమ్మ ఒక్కతే ఆగింది. తడిసిన కాయ పరదాల మీద పరుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తాను, నాకు ఒక్క ముక్క కూడా మరుపు రాలేదు.

"నాకప్పుడు ఆరేళ్ళో ఏడేళ్ళో అమ్మా. మాయమ్మకి రొమ్ములో గడ్డ. మంచాన పడితే నన్ను తీసకపోయి మా పెద్దమ్మ ఇంట్లో పెట్టారు. మళ్ళీ తెచ్చేతలికి మాయమ్మ లేదు. ఏదని అడిగితే పొన్నూరు కాడికి నాట్లకి పోయిందన్నారు. పిల్ల ఏడవకూడదని. నాట్లయిపోయి బండ్లు తిరిగొచ్చినయ్యి. నేను ఎదురుపోయా. ఒక్కొక్కళ్ళే దిగుతన్నారు, నేను లెక్కపెడతన్నా. మాయమ్మ దిగలా. కోతలకి పోయొచ్చారు. దిగలా. మళ్ళీ ఏడాది నాట్లు. మూడేళ్ళమ్మా. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకళ్ళు తక్కువే. నేనేదో తప్పు చేశా, అందుకే నన్నొదిలేసి అక్కడే ఉండిపోయింది అనుకున్నా. సచ్చిపోయిందని తెలిసిన రోజు నేను ఏడవలా తెలుసా. ఓహో, నా మీద కోపం కాదన్నమాట అనుకున్నా."

అప్పుడు తెలిసింది నాకు, భుజాలు తట్టి లెక్కపెట్టడం ఎక్కడనుంచి వచ్చిందో.

"నువ్వు చెప్పు మేస్త్రమ్మా పిల్లలకి. నీకు తెలుసు ఎట్లా చెప్పాలో" అన్నాను. నిజంగానే బతిమాలాను.

"నేను చెప్పను. నువ్వు చెప్పాల. వాళ్ళకి తల్లివి నువ్వు. నేను పక్కన కూచుంటా."

"ఆయన వద్దన్నారు."

"అయ్యగారొచ్చి నన్ను తిట్టమను."

"తిట్టడానికి గొంతేదీ" అన్నాను. అనేశాక నాకే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మేస్త్రమ్మ కూడా నవ్వింది. రెండు వారాల తరవాత నేను నవ్వింది అప్పుడే.

మర్నాడు బడి మాన్పించాను. మేస్త్రమ్మ నలుగురికీ చోటు చూసింది, కల్లంలో ఒక మూల, తడవని చిన్న కుప్ప దగ్గర. ఒక పక్క తను, ఇంకో పక్క నేను, మధ్యలో పిల్లలు. తాలు ఏరుతూ చెప్పమంది. "చేతులు ఆడతా ఉంటే నోరు దానంతటదే వచ్చుద్ది. పిల్లలు కూడా మన మొహం చూడక్కర్లా. కాయ చూస్తా వింటారు. ఇంకోటి, ఇక్కడ ఎవురేడ్చినా మిరపకాయ మీదకి పోద్ది."

మంచి కాయ ఒళ్ళోకి, తాలు బుట్టలోకి. మొదటి మాట రావడానికి నాకు గుప్పెడు కాయలు పట్టింది.

"నాన్నకి వచ్చింది ఘాటు కాదు. నేను అబద్ధం చెప్పాను. దాన్ని కాన్సర్ అంటారు. గొంతులో వచ్చింది."

చిన్నది చెయ్యి ఆపి నా వైపు చూసింది. "మరి నేను పోసిన నీళ్ళకి ఎక్కువైందా?"

"లేదు. నీ వల్ల రాలేదు, నీ వల్ల ఎక్కువ కాలేదు. ఎవరు ఏం చేసినా రాలేదు."

"అంటుకుంటుందా?" పెద్దది తల ఎత్తలేదు.

"అంటుకోదు. డాక్టరుగారిని నేనే అడిగాను. నాన్న గ్లాసులో నువ్వు తాగినా రాదు."

చివరికి చిన్నదే అడిగింది, నేను దేనికి భయపడుతున్నానో ఆ మాట. "నాన్న చచ్చిపోతాడా?"

నేను మేస్త్రమ్మ వైపు చూశాను. ఆమె కాయలు ఏరుతూనే ఉంది. ముందురోజు సాయంత్రం వెళ్ళబోతూ చెప్పిన మాట గుర్తుచేసుకున్నాను. తెలిసింది చెప్పు, తెలవంది తెలవదని చెప్పు, లేనిపోని ధైర్యం మాత్రం చెప్పమాక అంది.

"తెలియదు. తగ్గించడానికి వైద్యం చేస్తున్నారు. చాలామందికి తగ్గుతుందన్నారు. డాక్టరు నాకు ఏం చెప్పినా ఆ రోజే మీకు చెప్తాను. ఇంకెప్పుడూ దాచను."

"ఒట్టు?"

"ఒట్టు."

పెద్దది అప్పుడు ఏడ్చింది. మేస్త్రమ్మ తన కొంగుతో దాని కళ్ళు తుడవబోయి, మిరపకాయలు ఏరిన కొంగని గుర్తొచ్చి ఆగిపోయింది. "ఆగవే, ఇంకా మండిద్ది" అంది. ఆ మాటకు ముగ్గురం ఏడుపులోనే నవ్వాం.

శనివారం ఆయన వచ్చారు. మెడ మీద చర్మం నల్లగా కమిలిపోయింది. మాట్లాడొద్దన్నారని చిన్నదాని పలక పట్టుకుని తిరుగుతున్నారు. నేను కాఫీ ఇచ్చాను. సగం తాగి గ్లాసు పక్కన పెట్టారు. పెద్దపిల్ల వచ్చి ఆ గ్లాసు తీసి మిగతా సగం గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది. ఆయన నా వైపు చూశారు. పలక మీద రాశారు, "ఎవరు చెప్పారు?" "నేనే" అన్నాను. పలక తుడిచారు. చాలాసేపు సుద్దముక్క పట్టుకుని కూర్చుని, "నాకు చేతకాలేదు" అని రాశారు.

చిన్నదానికి మాత్రం వేరే అనుమానం. "నాన్నా, కరెంటు పెడితే షాక్ కొట్టదా?" ఆయన రాశారు, "లేదు. కరెంటు పోతే డాక్టరే బయటికొచ్చి విసనకర్రతో విసురుకుంటాడు." ఇంట్లో మళ్ళీ అల్లరి మొదలైంది.

ఆరు వారాలూ ప్రతి శనివారం ఆయన రాగానే, ఆ తరవాత ప్రతి పరీక్ష రోజూ బస్సు దిగగానే నేను నేరుగా పిల్లల దగ్గరకే వెళ్ళేదాన్ని. తెలిసింది చెప్పేదాన్ని. ఒకసారి "మచ్చ కనబడింది, మళ్ళీ చూడాలన్నారు" అని చెప్పాల్సి వచ్చింది. ఆ వారం నలుగురికీ అన్నం దిగలేదు. అయినా ఆ భయాన్ని ఎవరూ దాచుకోకుండా, ఒకే చోట కూర్చునే తినలేకపోయాం. దేవుడి దయవల్ల ఆయనకు తగ్గింది. గొంతు మాత్రం పూర్తిగా రాలేదు. గుసగుసలాగే మాట్లాడతారు. ఎద్దులు అలవాటుపడ్డాయి, మేమూ అలవాటుపడ్డాం.

ఇంత చేసిన మనిషికి ఏమివ్వాలో తోచక ఒకసారి చీర పెట్టబోయాను. "నేనేం చేశానమ్మా, పక్కన కూచున్నా. దానికి చీరెందుకు?" అని మడత విప్పకుండానే తిరిగి ఇచ్చేసింది.

పోయిన కార్తీకంలో ఆమెకే కాన్సర్ బయటపడింది. కడుపులో. అన్నం నిలవడం లేదని నెలలపాటు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనే గుంటూరు తీసుకెళ్ళారు, ఆ ఆసుపత్రి వరండాలన్నీ ఆయనకు తెలుసు కదా. ముదిరిపోయిందన్నారు. తిరిగొచ్చిన రోజే వేపచెట్టు కింద ముఠా అంతటినీ కూర్చోబెట్టి చెప్పేసింది. మా పిల్లలకూ చెప్పింది. ఒక్కరికి తప్ప అందరికీ చెప్పింది.

ఆ ఒక్కరు ఆమె మనవరాలు. ఎనిమిదేళ్ళు. కూతురూ అల్లుడూ చీమకుర్తి రాళ్ళ క్వారీల్లో పనికి పోతే, మూడేళ్ళ వయసునుంచీ ఆ పిల్లకు తల్లీ తండ్రీ అన్నీ మేస్త్రమ్మే.

జనవరి పద్దెనిమిది, ఆదివారం, ప్రార్థన అయ్యాక నెమ్మదిగా నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. తెల్లచీరలో మనిషి సగమైపోయింది. మెట్టు మీద కూర్చుంది. ఎంత చెప్పినా కుర్చీ ఎక్కలేదు.

"మీ పిల్లల కాడ నోరు బాగానే లేచిందమ్మా నాకు. నా దాని కాడ రావట్లా. అది నా మొహంలోకి చూస్తే మాయమ్మ దిగని బండి గుర్తొచ్చుద్ది. మీరొక్కసారి మా ఇంటికొచ్చి పక్కన కూచుంటారా? నేనే చెప్తా. మీరు ఉత్తగా కూచుంటే చాలు."

"వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను మేస్త్రమ్మా" అన్నాను.

పుస్తకంలో రాసుకున్నాను కూడా. "మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళాలి." ఆ ఆదివారం మొదటి కోత మొదలైంది, కూలీలు తక్కువ పడ్డారు. వెళ్ళలేదు. తరవాతి ఆదివారం మా పెదనాన్న మనవడి పెళ్ళి. వెళ్ళలేదు. మూడో ఆదివారం మబ్బు పట్టింది, కల్లంలో కాయంతా పోగుచేసి పట్టాలు కప్పేసరికి పొద్దుపోయింది. వెళ్ళలేదు. ప్రతి ఆదివారం ఆ ఒక్క ముక్క తరవాతి వారం పేజీలోకి ఎక్కించి రాసుకున్నాను. నా అక్షరాలు ముచ్చటగా, వరసగా ఉన్నాయి. ఇప్పుడు ఆ మూడు పేజీలూ తిప్పి చూస్తుంటే చెయ్యి మండుతోంది.

గురువారం సాయంత్రం సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నేను జనంలో ఆ పిల్ల కోసం వెతికాను. కనబడలేదు. మేస్త్రమ్మ కూతురు చీమకుర్తినుంచి వచ్చి, కట్టిన చీరతోనే సమాధి పక్కన నిలబడి ఉంది. పిల్ల ఏదని అడిగాను.

"రాత్రి ఎక్కువైనప్పుడే పాస్టరుగారింటికి పంపించారంటమ్మా. జడుసుకుంటది. మామ్మ పొన్నూరుకి మినుము పీకడానికి పోయిందని చెప్పాం. నిదానంగా అదే మరిచిపోద్ది."

ఆ మాటతో నాలుగు రోజులు తిరిగాను. ఊళ్ళోనుంచి ఈ నెలాఖరుకు మినుము పీకడానికి ఆడవాళ్ళు నిజంగానే వెళ్తారు. ట్రాక్టరు తిరిగొస్తుంది. ఆ పిల్ల ఎదురు వెళ్తుంది. లెక్కపెడుతుంది. చెప్పడం నా పని కాదు, అది మేస్త్రమ్మే నేర్పింది. చెప్పకుండా ఊరుకోవడమూ నా వల్ల కాలేదు.

నిన్న ఆదివారం ప్రార్థన అయ్యే వేళకు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కూతుర్ని పక్కకు పిలిచి అంతా చెప్పాను. నాట్లకు పోయిన తల్లి సంగతి, దిగని బండి సంగతి. ఆమెకు తెలియదు. సొంత కూతురికి కూడా చెప్పలేదు మేస్త్రమ్మ. పమిట నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. చివరికి, "మాయమ్మ మిమ్మల్ని పక్కన కూచోమని అడిగిందా?" అంది.

"అడిగింది. నేనే రాలేదు. మూడు ఆదివారాలు."

"అయితే ఇప్పుడు కూచోండి. నేను చెప్తా."

వాకిట్లో నులకమంచం మీద, మేస్త్రమ్మ కోసం ముఠావాళ్ళు పరిగె ఏరి తెచ్చిన కాయ ఎండబోసి ఉంది. చేలో కోత అయ్యాక రాలినవి ఏరుకుంటారు, ఇంటి కారానికి. వారం పది రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. నేనే గుప్పెడు తీసి చాప మీద పోశాను. తల్లీ పిల్లా ఎదురెదురుగా కూర్చోబోతే, పక్కపక్కన కూర్చోమన్నాను. పిల్లకు అటువైపు నేను కూర్చున్నాను.

తాలు ఏరడం మొదలుపెట్టాం. తల్లి రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. నేను కాయలు ఏరుతూ ఉన్నాను.

"మామ్మ మినుముకి పోలేదమ్మా. మామ్మ కడుపులో కాన్సర్ వచ్చింది. సచ్చిపోయింది. గురువారం సమాధి చేశాం."

పిల్ల చేతిలో ఒక కాయ ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తాలు బుట్టలో వేసింది. "నా వల్లా?" అంది. ప్రతి పిల్లా అదే అడుగుతుంది కాబోలు.

"నీ వల్ల కాదు. నువ్వంటే మామ్మకి ప్రాణం" అంది తల్లి.

"ఆరోజు చీమకుర్తి పోతానని అల్లరి చేశా."

"అందుకు కాదు."

పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. మండే వేళ్ళతో కళ్ళు నలుపుకోకుండా నేను రెండు చేతులూ పట్టుకున్నాను. పక్కన కూర్చోవడం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం ఇంటి దగ్గర ప్రార్థనకు ముఠా అంతా వచ్చింది. పాటలు అయ్యాయి. టీ తాగారు. ఇక వెళ్ళాలి, కానీ ఎవరూ కదలడం లేదు. వాకిట్లో అలవాటుగా వరసకట్టి నిలబడిపోయారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. దేనికి ఆగారో వాళ్ళకే తోచినట్టు లేదు.

పిల్ల లేచింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. వరస మొదటికి వెళ్ళి, భుజం అందకపోతే మునివేళ్ళ మీద లేచి తట్టింది. ఒకటి. రెండు. ఎవరూ నవ్వలేదు. పొడుగాటి ఆవిడ అందడానికి వంగింది. పదకొండు. అక్కడ ఆ చిన్నచెయ్యి తన గుండె దాకా వచ్చింది, ఆగింది, మెల్లగా కిందికి దిగింది.

"పదకొండు" అంది పిల్ల. "మామ్మతో పన్నెండు. మామ్మ ఇంక రాదు."

అప్పుడు కదిలారు అందరూ. పిల్ల గుమ్మంలో నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది. తరవాత రోడ్డు వైపు చూడలేదు. లోపలికి వెళ్ళి తల్లి పక్కన చాప మీద కూర్చుని మిగిలిన కాయ ఏరడం మొదలుపెట్టింది.

ఇవాళ సోమవారం. నాలుగో సంచి కుట్టడం, అయింది. మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళాలి, మూడు వారాల బాకీ, చెల్లు.